"ఫస్ట్ ఇన్ వార్": మేటి, మొదటివాడు, ముందు – ఏది సరి?

ప్రశ్న: జార్జ్ వాషింగ్టన్ గురించి చెప్పే "ఫస్ట్ ఇన్ వార్, ఫస్ట్ ఇన్ పీస్, అండ్ ఫస్ట్ ఇన్ ద హార్ట్స్ ఆఫ్ హిజ్ కంట్రీమెన్" అన్న మాటను "యుద్ధంలో మేటి, శాంతిలో మేటి, దేశప్రజల గుండెల్లో మేటి" అని తెలుగు చేశాను. సరిపోతుందా? ఇది జాన్ మార్షల్ మాట అని ఒకచోట, హెన్రీ లీ మాట అని ఇంకోచోట చదివాను. ఎవరిది?

జవాబు: లీదేనండీ. 1799 డిసెంబరు 14న వాషింగ్టన్ కన్నుమూశాక అమెరికా ప్రతినిధుల సభలో ఈ మాట ఉన్న సంతాప తీర్మానం చదివింది సభ్యుడైన మార్షల్. రాసింది లీ, ఆ పూట ఆయన సభలో లేడు. తర్వాత తాను రాసిన వాషింగ్టన్ జీవితచరిత్రలో ఈ సంగతి మార్షలే చెప్పాడు. డిసెంబరు 26న ఫిలడెల్ఫియాలోని జర్మన్ లూథరన్ చర్చిలో సంస్మరణ ప్రసంగం చేస్తూ లీ మళ్లీ ఆ మాటే అన్నాడు.

"మేటి" మాత్రం నాకు నచ్చలేదు. విలువిద్యలో మేటి అంటాం గానీ గుండెల్లో మేటి అనం కదా! పైగా లీ వాక్యం అక్కడితో ఆగదు. సొంత జీవితంలోనూ ఆయన "సెకండ్ టు నన్", అంటే ఎవరి తర్వాతా రెండోవాడు కాడు, అంటూ సాగుతుంది. మూడుసార్లు ఒకటి అని, ఆ వెంటనే రెండు అన్న అంకె తెచ్చి కాదనడంలోనే దాని అందమంతా ఉంది. "మొదటివాడు" అంటే ఆ లెక్క నిలుస్తుంది.

ఇంకొకరు: "మొదటివాడు" అంటే యుద్ధంలోకి అందరికన్నా మొదట దిగినవాడు అనిపిస్తుందండీ. "ముందు" అంటే? అన్నట్టు, లైట్ హార్స్ హ్యారీ అంటే ఈ లీయేనా?

జవాబు: ఆయనేనండీ. లైట్ హార్స్ అంటే బరువు లేకుండా చురుగ్గా కదిలే గుర్రపు దళం. 1756లో వర్జీనియాలో పుట్టి, ప్రిన్స్‌టన్‌లో చదివి, 20 ఏళ్లకే అలాంటి దళంలో కెప్టెన్ అయ్యాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1779 ఆగస్టులో న్యూజెర్సీలోని పాలస్ హుక్ దగ్గర బ్రిటిష్ కోట మీద చేసిన దాడికి అమెరికా చట్టసభ కాంగ్రెస్ బంగారు పతకం ఇచ్చింది. 1791 నుంచి 1794 దాకా వర్జీనియా గవర్నరు. విస్కీ పన్ను మీద తిరుగుబాటు లేచినప్పుడు వాషింగ్టన్ సేనను అప్పగించింది ఈయనకే. అంటే ఆ వాక్యం పక్కనుండి చూసినవాడిది. చివరి రోజులు తలుచుకుంటే బాధేస్తుంది. భూముల బేరాల్లో చితికిపోయి, 1809లో అప్పులు తీర్చలేక జైలుకు వెళ్లాడు. తన యుద్ధ జ్ఞాపకాలు అక్కడే రాశాడు. 1812లో బాల్టిమోర్‌లో ఒక పత్రికా సంపాదకుడికి అండగా నిలిచి అల్లరిమూక చేతిలో చావుదెబ్బలు తిన్నాడు. మళ్లీ కోలుకోలేదు, 1818లో పోయాడు.

ఇక "ముందు" సంగతి. "యుద్ధంలో ముందు, శాంతిలో ముందు" అని వదిలేస్తే మాట తెగిపోయినట్టుంటుంది. "-లోనూ ఆయనే" అని కడితే నిలబడుతుంది. అంకెలు పోయినా, ముందుకు జోడీగా "వెనక" మన దగ్గర ఉండనే ఉంది. కాబట్టి నేనైతే ఇలా రాస్తాను: "యుద్ధంలోనూ ఆయనే ముందు, శాంతిలోనూ ఆయనే ముందు, దేశప్రజల గుండెల్లోనూ ఆయనే ముందు, ఇంటి బతుకులోనూ ఎవరికీ వెనక కాడు."