పాత లేబుల్ మీద సెక్షన్ నంబరు మాత్రమే ఉంటే మ్యాప్‌లో కాక్టస్‌ను ఎక్కడ చూపించాలి?

అమెరికాలో మిన్నెసోటా పశ్చిమ అంచున, బిగ్ స్టోన్ కౌంటీ గ్రానైట్ బండల మీద పెరిగే బాల్ కాక్టస్‌కు పాత హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాల సేకరణ) రికార్డులతో మ్యాప్ తయారుచేస్తున్నాను. డేటా జీబీఐఎఫ్ అనే అంతర్జాతీయ జీవవైవిధ్య డేటాబేస్ నుంచి తీసుకున్నాను. ఒకే మొక్క మామిల్లేరియా, కోరిఫాంతా, ఎస్కోబేరియా అని రకరకాల పేర్లతో ఉంది. సేకరించినవారి పేరు, నంబరు, తేదీ కలిపి చూసి డూప్లికేట్ షీట్లు (ఒకే సేకరణకు చెందిన అదనపు నమూనాలు) తీసేశాను. అంతవరకు ఇబ్బంది లేదు.

చిక్కంతా స్థలం దగ్గరే. జీపీఎస్ రాకముందటి లేబుళ్ల మీద చాలావాటికి అమెరికా భూసర్వే గడులను చెప్పే టౌన్‌షిప్, రేంజ్, సెక్షన్ నంబర్లు మాత్రమే ఉన్నాయి. సెక్షన్ అంటే ఒక చదరపు మైలు. మధ్యబిందువు నుంచి మూలకు దాదాపు 1,140 మీటర్లు. ఆ మధ్యబిందువులను క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో పెడితే చుక్కలు పొలాల్లో పడుతున్నాయి, దున్నిన నేలలో ఈ మొక్క బతకదు. శాటిలైట్ చిత్రం చూసి దగ్గర్లోని బండ మీదకు జరిపాను. కానీ ఒకే సెక్షన్‌లో రెండు మూడు బండలున్నప్పుడు ఒకదాన్ని ఎంచుకోవడం లేని సమాచారాన్ని కల్పించినట్టే అనిపించి వెనక్కి మార్చేశాను. పైగా ఆ ప్రాంతంలో గ్రానైట్ క్వారీలున్నాయి, అప్పటి బండ ఇప్పుడు ఉండకపోవచ్చు.

ఈ మొక్క అక్కడ ప్రమాదంలో ఉంది, అందుకే కొన్ని రికార్డుల్లో స్థలం దాచిపెట్టారు. అది సరైన పనే, వాటిని నేను అడగడం లేదు.

ఇలాంటి డేటాతో పనిచేసినవారు చెప్పండి: సెక్షన్ మధ్యబిందువునే ఉంచి అనిశ్చితి 1,140 మీటర్లు అని రాయాలా, లేక ఆ సెక్షన్‌లోని బండలన్నిటినీ కలిపి పాలిగాన్‌గా (బహుభుజి ఆకారంగా) గీయాలా?