ఫ్లూకి నేలవేము కషాయం పనిచేస్తుందా?

మాది నరసన్నపేట దగ్గర పల్లె. నాన్నకి 68 ఏళ్లు, బీపీ, షుగర్ మాత్రలు వాడతారు. నిన్న రాత్రి నుంచి జ్వరం, ఒళ్లునొప్పులు. డాక్టరు ఫ్లూ అని ఒసెల్టామివిర్ (ఫ్లూ వైరస్‌ మీద పనిచేసే మందు) 5 రోజులకి రాశారు, 48 గంటల్లోపు మొదలెడితేనే బాగా పనిచేస్తుందట. నాన్నేమో గట్టు మీద పీక్కొచ్చిన నేలవేము మరిగించి గ్లాసుడు తాగేశారు. చేదుకి మొహం ముడుచుకుపోయినా "ఇదే అసలు మందు" అంటారు! నేను వెతికితే నేలవేముతో జలుబు, గొంతునొప్పి మీద చేసిన ట్రయల్సే (మనుషుల మీద పరీక్షలు) ఎక్కువ కనిపించాయి. ఇన్‌ఫ్లుయెంజా (ఫ్లూ) అని పరీక్షలో తేలినవాళ్ల మీద చేసినవి ఎవరైనా చూశారా? బీపీ, షుగర్ మాత్రలతో పాటు ఈ కషాయం తాగితే అవి మరీ పడిపోతాయా? ఫార్మసీ, ఆయుర్వేదం చదివినవాళ్లు కాస్త చెప్పండి బాబూ. మాత్ర ఎలాగోలా వేయిస్తున్నాను, కషాయం ఆపించాలా వద్దా అన్నదే తేలట్లేదు.