పది నెలలు కారు వదిలేసి వెళ్తున్నా, ఎలా పెట్టి వెళ్లాలి?

పర్లాకిమిడి_అబ్బాయి:
అందరికీ నమస్కారం. జూన్ మొదటి వారంలో మస్కట్ వెళ్తున్నాను, మళ్లీ వచ్చేది ఏప్రిల్‌లోనే. ఇంట్లో అమ్మ ఒక్కతే, ఆవిడకి డ్రైవింగ్ రాదు. నాన్న 2012లో కొన్న మారుతి 800 ఉంది, పెట్రోలు బండి. ఆయన పోయాక ఎంతమంది అడిగినా అమ్మలేదు, నేను తిరిగొచ్చేసరికి అది తుప్పు పట్టిపోయి ఉంటే చూడలేను. పెరట్లో రేకుల షెడ్డు, మూడు పక్కలా గోడ లేదు, ఆనుకుని రెండు కొబ్బరి చెట్లు. పక్కింటి కుర్రాడు ఆదివారం ఆదివారం వచ్చి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తానన్నాడు, అది చాలా? ట్యాంకు ఖాళీ చేయాలా, నింపాలా? తలా ఒకటి చెప్తున్నారు, టెన్షన్‌గా ఉంది.

గుణుపురం_మెకానిక్:
తమ్ముడూ, ముందు ఆ ఐదు నిమిషాల స్టార్టింగ్ వద్దని చెప్పెయ్. పెట్రోలు మండితే పొగతో పాటు నీటి ఆవిరి కూడా వస్తుంది. ఇంజిన్ బాగా వేడెక్కితే అది బయటికి పోతుంది, ఐదు నిమిషాల్లో ఆపేస్తే సైలెన్సర్‌లోనూ ఆయిల్‌లోనూ నీళ్లుగా మిగిలిపోతుంది. సైలెన్సర్ లోపల్నుంచి తినేస్తుంది. పైగా స్టార్ట్ చేయడానికి బ్యాటరీలోంచి పోయిన చార్జి అంతసేపట్లో తిరిగి ఎక్కదు. నడిపితే కాశీనగర్ రోడ్డు మీద అరగంట నడపాలి, లేదంటే అసలు స్టార్టే చేయకూడదు.

ఆయిల్ వెళ్లే ముందే మార్పించు, వచ్చాక మారుద్దాం అనుకోకు. వాడిన ఆయిల్‌లో ఆమ్లాలు, చెమ్మ ఉంటాయి, పది నెలలూ అవి బేరింగుల మీదే కూర్చుంటాయి. ట్యాంకు నిండా పోయించు. ఇనప ట్యాంకులో ఖాళీ ఉంటే వానాకాలం గాలిలోని చెమ్మ లోపల నీరు కడుతుంది, ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఆ నీటిని ఇట్టే పీల్చుకుంటుంది. వచ్చాక సగం తీయించి కొత్తది పోయించుకో. హ్యాండ్‌బ్రేక్ మాత్రం లాగకు, బ్రేకు లైనర్లు డ్రమ్ముకి అతుక్కుపోతాయి. ఫస్ట్ గేర్‌లో పెట్టి చక్రాలకి ముందూ వెనకా ఇటుకలు పెట్టు. గాలి మామూలుగా కొట్టించేదానికంటే ఓ ఐదు పాయింట్లు ఎక్కువ కొట్టించు.

వంశధార_ఒడ్డు:
ఎలుకల సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? మా వ్యాను నాలుగు నెలలు ధాన్యం గది పక్కన ఉండిపోయింది. స్టార్ట్ కాకపోతే ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పాం. లోపల కొబ్బరి పీచు, గోనె దారాలు, ఊక మెత్తగా పరిచి, మధ్యలో కళ్లు తెరవని నాలుగు పిల్లలు. కింద వైర్ల మీద ప్లాస్టిక్ ఒలిచేసి రాగి మెరుస్తోంది. వైరింగ్‌కి తొమ్మిది వేలయింది. ఫిల్టర్‌లోకి గాలి వెళ్లే గొట్టానికీ సైలెన్సర్ మూతికీ స్టీలు జాలీ చుట్టు. చుట్టినట్టు గుర్తుండాలంటే స్టీరింగ్‌కి ఒక ఎర్ర గుడ్డ కట్టు, నువ్వు మర్చిపోయినా అది చెప్తుంది. సీట్ల కింద బిస్కెట్ ముక్క కూడా ఉండకూడదు, షెడ్డులో బస్తాలు పెట్టొద్దని అమ్మగారికి చెప్పు.

రాయగడ_టీచరమ్మ:
బాబూ, నాకు ఆ కొబ్బరి చెట్ల గురించే భయంగా ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ జిల్లాని ఎలా చేసిందో నువ్వే చూసి ఉంటావు. మీ బంధువుల ఇంట్లో ఎక్కడైనా మెరక మీద గోడలున్న గది ఉంటే అక్కడ పెట్టించు, అద్దె అడిగినా ఇవ్వు. కారు వాడట్లేదు కదా అని ఇన్సూరెన్స్ వదిలేయకు. గడువు దాటి 90 రోజులైతే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. 2012 బండి అంటున్నావు, ఆర్‌సీకి 15 ఏళ్లు 2027లో నిండుతాయి, ఏ నెలో చూసుకుని టికెట్ వేసుకో. రిన్యూవల్‌కి బండి తీసుకెళ్లి చూపించాలి.

పర్లాకిమిడి_అబ్బాయి:
అమ్మా, చాలా థాంక్స్, ఆర్‌సీ సంగతి నాకు తట్టనే లేదు. మా మేనమామ గారి గోడౌన్ ఉంది, అడిగాను, సరే అన్నారు. అన్నా, బ్యాటరీ నిన్న రాత్రంతా విప్పి ఉంచి పొద్దున మీటర్ పెడితే 12.2 వోల్టులు చూపించింది. నిండుగా కప్పడానికి ప్లాస్టిక్ పట్టా కొన్నాను, పర్వాలేదా?

గుణుపురం_మెకానిక్:
పట్టా వద్దు తమ్ముడూ, కింద చెమ్మ చేరి సీట్లకి బూజు పడుతుంది. కడిగి, రెండు రోజులు ఎండలో డోర్లు తీసి ఆరబెట్టి పాత నూలు దుప్పటి కప్పు, గోడౌన్‌లో అది చాలు. బ్యాటరీ ఫుల్ చార్జి పెట్టించి ఒక రోజు ఆగి మళ్లీ చూడు, 12.6 దగ్గర నిలబడాలి. నిలబడితే విప్పి ఇంట్లో పెట్టి నెలకోసారి చార్జింగ్ పెట్టించమను, విప్పేటప్పుడు నెగెటివ్ ముందు. మళ్లీ 12.2కి దిగితే దాని పని అయిపోయినట్టే, పాతది ఇచ్చెయ్. కొత్తది మాత్రం ఇప్పుడు కొనకు, వారంటీ పది నెలలు ఊరికే కరిగిపోతుంది, వచ్చిన రోజు కొనుక్కో.