అభ్యర్థి భార్య ప్రచారంలోకి దిగితే ఎంత లాభం, ఎంత నష్టం? (గుంటూరు)

మిరపకోత:
అందరికీ నమస్కారం. గుంటూరులో అసెంబ్లీకి మొదటిసారి పోటీ చేయబోతున్న ఒకాయనకి డివిజన్ల షెడ్యూలు, ఖర్చుల లెక్క మా టీము చూస్తోంది. ఆయన భార్యని కూడా ఇంటింటికీ తిప్పాలంటున్నారు. "మేడం వస్తే ఆడవాళ్ల ఓట్లన్నీ మనవే" అని ఒకరు, "మేడం వస్తే ఉన్న కార్యకర్తలు జారుకుంటారు" అని ఇంకొకరు. ఆవిడని ఎక్కడ తిప్పితే పని జరుగుతుంది, ఎక్కడ తిప్పకూడదు? ఆవిడ తిరిగిన ఖర్చు ఎవరి లెక్కలో రాయాలి? నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్‌లో ఆవిడ పేరు మీద ఉన్న ఆస్తులు ఎంతవరకు చూపాలి? పార్టీ పేర్లు వద్దండి, పని గురించి చెప్పండి చాలు.

కరకట్ట:
"ఆడవాళ్ల ఓట్లన్నీ" అనే మాట ముందు పక్కన పెట్టండి. అభ్యర్థి భార్య వచ్చి నమస్కారం పెట్టిందని ఎవరూ ఓటు మార్చుకోరు. అభ్యర్థి గుమ్మం దగ్గర ఆగిపోతాడు, ఆవిడ వంటింటి దాకా వెళ్తుంది, తేడా అక్కడ. పింఛను ఆగిపోవడం, రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కకపోవడం, కుళాయి నీళ్లు తెల్లవారుజామున వచ్చి పోవడం లాంటివి వెనకాల ఇరవై మంది మగవాళ్లు జెండాలు పట్టుకుని నిలబడి ఉంటే ఎవరూ చెప్పరు. పాత గుంటూరులోనో, బెజవాడ వన్‌టౌన్ ముస్లిం వీధుల్లోనో అయితే ఇంటి లోపలికి వెళ్లి ఆడవాళ్లతో మాట్లాడే దారి దాదాపు ఇదొక్కటే.

ఇప్పుడు లెక్క. ఒక బూత్‌లో సుమారు 1,100 ఓట్లంటే 300 నుంచి 350 ఇళ్లు. అభ్యర్థి ఇంటికి నిమిషం, నిమిషంన్నర ఇస్తాడు. ఆవిడ కూడా అంతే ఇస్తే దండగ. నాలుగైదు నిమిషాలు కూర్చోవాలి. అంటే గంటకి 12 నుంచి 15 ఇళ్లు, పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తిరిగినా రోజుకి 90 దాటవు. గుంటూరు సిటీ నియోజకవర్గంలో రెండు వందలకు పైగా బూత్‌లుంటాయి. అన్నీ తిప్పుదామనుకుంటే ఏదీ సరిగా అవ్వదు. గత ఎన్నికల ఫారం 20 తీయండి, అందులో బూత్‌వారీ ఓట్లుంటాయి. తేడా తక్కువగా ఉన్న పది, పన్నెండు బూత్‌లు ఎంచుకుని, వాటిలో కూడా ఆడవాళ్ల ఓట్లు ఎక్కువున్న వీధులకే ఆవిడని పరిమితం చేయండి.

భార్యాభర్తలిద్దరినీ ఒకే రూటులో తిప్పకండి. మొదటి రోజు, చివరి రోజు ఫొటోలకి ఒకే బండి మీద కనబడితే చాలు. రోజూ పక్కపక్కనే నడిస్తే ఇద్దరు కలిసి ఒక్కరి పనే చేసినట్టు.

2024లో మనకి పోలింగ్ మే 13న. ఆ ఎండల్లో పది దాటాక తలుపు తట్టేవాళ్లనీ తిట్టుకుంటారు, తీసేవాళ్లూ ఉండరు. ఏడు నుంచి పది, మళ్లీ అయిదు నుంచి ఎనిమిది. మిర్చి తొడిమలు తీయడానికి వెళ్లే ఆడవాళ్లున్న వాడలకి పొద్దున వెళ్తే ముసలివాళ్లు, పిల్లలే ఉంటారు. అక్కడికి సాయంత్రం ఏడు తర్వాతే. బ్రాడీపేట, అరండల్‌పేట అపార్ట్‌మెంట్లకి ఆదివారం పదింటికి, ముందు రోజు అసోసియేషన్ సెక్రటరీతో మాట్లాడి వెళ్లాలి. చెప్పాపెట్టకుండా వెళ్తే వాచ్‌మన్ దగ్గరే ఆగిపోతారు.

ఆవిడ వెంట ఆరుగురికి మించి వద్దు. ముందు తలుపు తట్టేది ఆ వీధి ఆడమనిషే అయి ఉండాలి, "మా అభ్యర్థి గారి భార్య వచ్చారు పిన్నీ" అని పిలవగలిగిన మనిషి. ఒకరు పుస్తకంలో డోరు నంబరు, సమస్య, ఫోను రాసుకోవాలి. రాసుకున్నదానికి మర్నాటికల్లా డివిజన్ ఇన్‌ఛార్జి నుంచి ఫోను వెళ్లాలి. వెళ్లకపోతే ఆవిడ రాకపోయినా బాగుండేది, "రాసుకుపోయారు, అంతే" అన్న మాట వీధంతా తిరుగుతుంది.

బొట్టు పెట్టి ఓటడిగే పద్ధతి మన దగ్గర బాగా ఉంది కానీ గుడ్డిగా చేయొద్దు. క్రైస్తవుల ఇళ్లలో, ముస్లింల ఇళ్లలో కుంకుమ భరిణె బయటికే తీయకూడదు. భర్త పోయినవాళ్లు ఉన్న ఇంట్లో కోడలికి పెట్టి అత్తగారిని వదిలేస్తే ఆ ఇల్లు మీకు పోయినట్టే. తలుపు తట్టే వీధి మనిషి ముందే చెవిలో చెప్పాలి. అనుమానముంటే అందరికీ చేతులు జోడించడం నయం.

ఫారం26:
ఖర్చు, కాగితాల సంగతి నేను చెప్తాను. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు (లోక్‌సభకి 95 లక్షలు). నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం వచ్చిన రోజు వరకు, ఆ రెండు రోజులూ కలిపి లెక్క. ఆవిడ కారు అద్దె, డీజిల్, వెంట తిరిగేవాళ్ల టిఫిన్లు, కండువాలు, ఆవిడ ఫేస్‌బుక్ పేజీలో పెట్టిన ప్రకటన, ఇవన్నీ అభ్యర్థి లెక్కలోకే వస్తాయి. టిఫిన్ ప్లేటుకి మీరు ఇచ్చిన రేటు కాకుండా జిల్లా ఎన్నికల అధికారి ఇచ్చిన రేట్ల పట్టీ ప్రకారం కడతారు. మీరు రాయకపోతే వ్యయ పరిశీలకుల షాడో రిజిస్టరులో (మీ లెక్కతో పోల్చడానికి విడిగా పెట్టే పుస్తకం) వాళ్లు రాసుకుంటారు, ప్రచారంలో కనీసం మూడుసార్లు జరిగే తనిఖీలో ఆ తేడా బయటపడుతుంది. ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు పూర్తి లెక్క ఇవ్వాలి.

ఎన్నికల ఖర్చుకి వేరే బ్యాంకు ఖాతా, నామినేషన్‌కి కనీసం ఒక రోజు ముందు తెరవాలి. చాలామంది దాన్ని భార్యతో జాయింటుగా తెరుస్తారు. ఆవిడ ఎన్నికల ఏజెంటు అయితే తప్ప అది చెల్లదు. ఒక మనిషికి లేదా ఒక సంస్థకి ఎన్నికంతా కలిపి 10,000 రూపాయలు దాటితే నగదుగా ఇవ్వకూడదు. టెంటుహౌస్ వాళ్లతో గొడవ వచ్చేది ఇక్కడే.

కండువాలు, టోపీలు లెక్కలో రాసి ఇవ్వొచ్చు. చీరలు ఇవ్వకూడదు, లంచం కిందికి వస్తుంది. "మేడం గారు పసుపు కుంకుమలతో పెట్టారు" అన్నా అదే. హారతి పళ్లెంలో నోటు వేయడం చాలామందికి అలవాటు. ఎవరో వీడియో తీసి ఎన్నికల సంఘం వాళ్ల ఫిర్యాదుల యాప్ సీ-విజిల్‌లో పెడితే 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది వాళ్ల లక్ష్యం. పళ్లేనికి దణ్ణం పెట్టి ముందుకి నడవమనండి. ఆవిడ కారులో 50,000 దాటిన నగదుగానీ, 10,000 దాటిన విలువ ఉన్న బహుమతులుగానీ దొరికితే పట్టుకుంటారు. హ్యాండ్‌బ్యాగులో ఇంటి డబ్బు అన్నా వినరు.

అఫిడవిట్‌లో భార్య పాన్, గత అయిదేళ్ల రిటర్నుల్లో చూపిన ఆదాయం, ఆదాయ మార్గం, చేతిలో నగదు, డిపాజిట్లు, బంగారం బరువు, వాహనాలు, సర్వే నంబరుతో భూములు, అప్పులు, ప్రభుత్వ కాంట్రాక్టులు, అన్నీ చూపాలి. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం, అన్నదమ్ములతో కలిసి ఉన్న ఇంట్లో వాటా, వీటినే మనవాళ్లు వదిలేస్తారు. ఏ గడీ ఖాళీగా ఉంచొద్దు, "లేదు" అనో "వర్తించదు" అనో రాయండి. రిటర్నింగ్ అధికారి నోటీసిచ్చాక కూడా ఖాళీ ఉంటే పరిశీలనలో తిరస్కరించవచ్చు.

వాహనాల విషయంలో అరుణాచల్‌లోని తేజు ఎమ్మెల్యే కేసు చూడండి. భార్య పేరు మీద ఒక కైనెటిక్ స్కూటీ, ఒక మారుతి ఓమ్ని, కొడుకు పేరు మీద ఒక బైకు అఫిడవిట్‌లో చూపలేదని 2023లో గువాహటి హైకోర్టు ఎన్నికనే రద్దు చేసింది. అవి ఎప్పుడో చేతులు మారాయి, రిజిస్ట్రేషన్ మాత్రం మారలేదు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది, ఓటరు నిర్ణయం మీద ప్రభావం చూపేంత ఆస్తి అయితేనే తప్పు అని. గెలిచాడు సరే, అంతకాలం కోర్టుల చుట్టూ తిరిగాడు. అమ్మేసిన పాత స్కూటీ ఆర్సీ ఎవరి పేరు మీద ఉందో ఇప్పుడే చూసుకోండి.

పటమట లంక:
పై ఇద్దరూ చెప్పింది సరే. కార్యకర్తలు జారుకోవడం గురించి ఎవరూ రాయలేదు. నా లెక్కలో అసలు నష్టం అక్కడే.

మనకి పెద్ద ఉదాహరణ 1994. ఎన్టీ రామారావు గారి పక్కన ఆయన భార్య లక్ష్మీపార్వతి గారు ప్రచార వేదికలెక్కితే ఓట్లు పోతాయని ఎదుటివాళ్లు ఆశపడ్డారు. పోలేదు, తెలుగుదేశం ఒక్కటే 294లో 216 గెలిచింది. 1995 ఆగస్టులో ఎమ్మెల్యేలు తిరగబడినప్పుడు మాత్రం వాళ్లు చెప్పిన కారణాల్లో ఆవిడ జోక్యమే ముందుంది. ఓటరుకి లేని అభ్యంతరం పార్టీ లోపలి మనిషికి ఉంటుంది. ఇది డివిజన్ స్థాయిలో కూడా అంతే. బూత్ కన్వీనరు ఎవరో, ఆటో మైకు ఏ వీధికో, పోల్ చీటీలు ఎవరు పంచాలో ఆవిడ ఫోనులో చెప్పడం మొదలుపెట్టిన రోజు, పదేళ్లుగా జెండా మోసినవాడు ఇంటికెళ్లి పడుకుంటాడు. తిట్టడు, ఎదుటి పార్టీలోకీ వెళ్లడు. పోలింగ్ రోజు పది గంటలకి బూత్ దగ్గర కనపడడు, అంతే.

అందుకని ఆవిడ పనికి గీత గీయండి. ఆవిడ వింటుంది, రాయిస్తుంది. మనుషుల్ని పెట్టడం, తీయడం, డబ్బు పంచడం ఆవిడ చేతిలో ఉండవు. ఆవిడ అన్నదమ్ములు ఆఫీసులో కూర్చుని వచ్చేపోయేవాళ్లని ఆపడం ఇంకా ప్రమాదం, బావమరిది రాజ్యం అన్న పేరు ఒకసారి పడితే పోదు.

అభ్యర్థి మరెక్కడో తిరగాల్సి వచ్చినప్పుడు మాత్రం భార్య పనికొచ్చినంతగా ఎవరూ పనికిరారు. 2024లో చంద్రబాబు గారి నామినేషన్ కుప్పంలో భువనేశ్వరి గారే వేశారు. పులివెందులలో జగన్ గారి తరఫున భారతి గారు ఇంటింటికీ తిరిగారు. ఇద్దరి భర్తలూ అప్పుడు రాష్ట్రమంతా తిరుగుతున్నారు. మీ అభ్యర్థికి ఆ అవసరం లేదు, ఒక్క నియోజకవర్గమే కదా. కాబట్టి వాళ్లని చూసి మేడం గారికి రోడ్‌షో పెట్టకండి.

మిరపకోత:
చాలా ఉపయోగంగా ఉంది, అందరికీ థాంక్స్. ఇంకో రెండు విషయాలు. ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరు. రెండు నెలలు సెలవు పెట్టిస్తే తిరగొచ్చా? కవరింగ్ నామినేషన్ (అసలు అభ్యర్థిది తిరస్కరిస్తే పనికొస్తుందని వేసేది) ఆవిడతో వేయించాలని కూడా అనుకుంటున్నారు.

ఫారం26:
ఇది మొదటే రాసుంటే పైన సగం రాసే పని లేకపోయేదండీ.

కుదరదు. సెలవులో ఉన్నా ఉద్యోగే. 1964 నాటి రాష్ట్ర ప్రవర్తనా నియమావళి ప్రకారం ఓటు వేయొచ్చు, ప్రచారం చేయకూడదు. కండువాతో ఉన్న ఒక్క ఫొటో చాలు, సస్పెన్షన్ కాగితం వస్తుంది. ఎన్నికల ఏజెంటు, పోలింగ్ ఏజెంటు, కౌంటింగ్ ఏజెంటుగా కూర్చుంటే ప్రజాప్రాతినిధ్య చట్టం 134ఏ సెక్షను కింద మూడు నెలల దాకా జైలు. గెజిటెడ్ హెడ్‌మిస్ట్రెస్ అయితే ఇంకా చిక్కు, ఆవిడ సాయం తీసుకున్నారని అదే చట్టం 123(7) కింద గెలిచిన ఎన్నికే పోవచ్చు. నిజంగా తిరగాలంటే రాజీనామా గానీ స్వచ్ఛంద పదవీ విరమణ గానీ ఆమోదమై, కాగితం చేతికి రావాలి. దరఖాస్తు పెట్టాం అంటే చాలదు. ఉద్యోగంలోనే ఉంటే, పోలింగ్ డ్యూటీ పడకుండా అభ్యర్థికి దగ్గర బంధువునని రాతపూర్వకంగా తెలియజేయించండి.

కవరింగ్ నామినేషన్ కూడా అంతే, ఉద్యోగం వదిలితేనే. వదిలితే ఇలా చేయండి. పార్టీ తన అభ్యర్థి ఎవరో తెలిపే ఫారం బీలో ఆవిడ పేరు ప్రత్యామ్నాయంగా రాయించాలి. గుర్తింపు పొందిన పార్టీ అయితే ఒక్క ప్రతిపాదకుడు చాలు, ప్రధాన అభ్యర్థిది ఆమోదమయ్యాక ఆవిడది దానంతటదే తిరస్కరణకు గురవుతుంది. జాగ్రత్త కోసమని పది మందితో సంతకాలు పెట్టిస్తే ఆవిడ స్వతంత్ర అభ్యర్థిగా మిగిలిపోతుంది. ఉపసంహరణ చివరి రోజు మధ్యాహ్నం మూడులోపు ఫారం 5 ఇవ్వకపోతే ఈవీఎం మీద మొగుడూ పెళ్లాం ఇద్దరి పేర్లూ ఉంటాయి! డిపాజిట్ 10,000, ఎస్సీ, ఎస్టీలకి అయిదు వేలు.

లాలాపేట:
అందరూ భార్యల గురించే రాస్తున్నారు. 2024లో గుంటూరు పశ్చిమలో రెండు ప్రధాన పార్టీల అభ్యర్థులూ మహిళలే. స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలవి. అంటే మన ఊళ్లో ఈ ప్రశ్న సగం భర్తల గురించి కూడా. అక్కడ తప్పు తిరగబడి ఉంటుంది. భార్య ఎక్కువ మాట్లాడితే కార్యకర్త అలుగుతాడు. భర్త ఎక్కువ మాట్లాడితే ఓటరే "ఇంతకీ పోటీ చేసేది ఎవరు" అని అడుగుతాడు. ఫ్లెక్సీలో భర్త ఫొటో అభ్యర్థి ఫొటో కంటే పెద్దగా ఉండకూడదు, మైకు ముందు ఆవిడకే ఇవ్వాలి. వీధి సమస్య అడిగితే ఆయన అందుకుని జవాబు చెప్పడం మానాలి.

పోలింగ్ రోజు ఇద్దరికీ వర్తించేది ఒకటి. అభ్యర్థికి ఒక బండి, ఎన్నికల ఏజెంటుకి ఒకటి, కార్యకర్తలకి ఒకటి, అంతే అనుమతి. అభ్యర్థి పేరు మీద పర్మిట్ ఇచ్చిన బండిలో అభ్యర్థి లేకుండా భార్యో భర్తో బూత్‌లు తిరిగితే ఆపేస్తారు. అలాగే మీ అభ్యర్థి భార్య ఓటు పుట్టింటి ఊళ్లోనే ఉంటే ఇప్పుడే ఫారం 8 పెట్టి ఇక్కడికి మార్పించండి, నామినేషన్ల గడువు ముగిశాక జాబితాలో పేరు చేర్చరు. ప్రతి టీవీ వాడూ అడిగే మొదటి ప్రశ్న "మేడం, మీ ఓటు ఎక్కడ?"