అప్‌డేట్: పాపకి ‘ఇరా’ అనే పేరే ఖాయం చేశాం

పాప జన్మనక్షత్రం కృత్తిక రెండో పాదానికి పేరు మొదటి అక్షరంగా ‘ఇ’ వచ్చింది, ‘ఇరా’ అంటే నిజంగా సరస్వతేనా అని ఇంతకుముందు అడిగాను. పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో, ఒకే మాటకి ఉన్న పలు అర్థాలు చెప్పే నానార్థవర్గం ప్రకారం ఈ మాటకి భూమి, వాక్కు, నీళ్లు అనే అర్థాలున్నాయి. వాక్కు ఉంది కాబట్టి సరస్వతి అనుకోవచ్చు. నాలుగో అర్థం సుర, అంటే మద్యం! మామగారు పగలబడి నవ్వారు, అత్తయ్య మొహం ముడుచుకున్నారు. అయినా మార్చలేదు.

ఈ పేరున్న పిల్లలు శాంతస్వభావులని రాసినవాళ్లు ఒక రాత్రి మా ఉప్పల్ ఇంటికొచ్చి పడుకోవాలి.

జనన నమోదు పేరు లేకుండానే చేయించాం. ఏడాదిలోపు ఫీజు లేకుండా పేరు చేర్చుకోవచ్చు. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో చివర ఒక ‘ఏ’ పెట్టాలా, రెండా? ఆ గొడవ ఇంకా నడుస్తోంది.