షుగర్ ఉన్న పెద్దవాళ్ల పాదాల స్క్రీనింగ్: ఏబీఐ ఎక్కువ వస్తే ఏం చేస్తున్నారు?

65 దాటిన షుగర్ పేషెంట్ల పాదాలు పరీక్షించేవాళ్ల సలహా కావాలి. స్పర్శ పరీక్షతో ఇబ్బంది లేదు. 10 గ్రాముల మోనోఫిలమెంట్‌ను (స్పర్శ చూసే సన్నటి నైలాన్ పోగు) బొటనవేలి అడుగున, మొదటి, ఐదో వేళ్ల మొదళ్ల కింద, ఆనెకాయ లేని చోట వంగేదాకా నొక్కుతాం. ఒక్కోచోట మూడుసార్లు అడుగుతాం, అందులో ఒకసారి అసలు తాకించం. రెండు జవాబులైనా సరిగ్గా రావాలి.

చిక్కంతా రక్తప్రసరణ దగ్గరే. చీలమండ బీపీని చేతి బీపీతో భాగించగా వచ్చే అంకె, అంటే ఏబీఐ, 0.9 కంటే తక్కువొస్తే ప్రసరణ తగ్గిందనడంలో సందేహం లేదు. కానీ వయసు మీద పడ్డవాళ్లలో, ముఖ్యంగా కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో, రక్తనాళాల గోడల్లో కాల్షియం పేరుకుని కఫ్ ఎంత బిగించినా అణగవు. అంకె 1.4 చూపిస్తుంది, పాదం చూస్తే చల్లగా ఉంటుంది. బొటనవేలికి చుట్టే చిన్న కఫ్ మా దగ్గర లేదు. చేతి డాప్లర్‌లో (రక్తప్రవాహాన్ని వినిపించే చిన్న పరికరం) శబ్దం మూడు దశల్లో స్పష్టంగా వినిపిస్తే ఆరు నెలల తర్వాత రమ్మనవచ్చా? లేక 1.3 దాటిన ప్రతి ఒక్కరినీ వాస్కులర్ సర్జన్ దగ్గరికి పంపుతున్నారా?

ఇంకోటి, ఎంసీఆర్ చెప్పులు (మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరు అడుగున్నవి). స్పర్శ పోయినవాళ్లకు వెనక పట్టీ లేకపోతే చెప్పు జారిపోయినా తెలియదు. వెల్క్రో పట్టీ పెట్టిస్తే వంకర తిరిగిన వేళ్ల మీద ఒరుసుకుని పుండవుతోంది. పట్టీ లోపల మెత్తగా ఏం కుట్టిస్తున్నారు? అడుగు రబ్బరు అణగారిపోయిందని దేన్నిబట్టి తేలుస్తున్నారు? (ఇంట్లో కూడా చెప్పులేసుకోమంటే వినరు, అది వేరే గొడవ.)