ఓటీలో (ఆపరేషన్ థియేటర్‌లో) చేసే సిస్టర్లు ఒక మాట చెప్పండి

అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరేళ్లుగా ఓటీ నర్సుని. ఈ పనంటే నాకు ప్రాణమండి. సిజేరియన్‌లో బిడ్డ ఏడుపు వినపడగానే కాళ్ల నొప్పులు మర్చిపోతాను. కానీ ఇప్పుడు రెండు టేబుళ్లకీ సామాను అందించేది, లెక్క రాసేది నేనొక్కదాన్నే. మొన్న రాత్రి కుట్లు వేసేముందు, కడుపులో ఏదీ ఉండిపోలేదని చూసుకునే లెక్కలో, పది మాపులకి (రక్తం అద్దే గుడ్డలు) తొమ్మిదే తేలాయి. డాక్టరుగారు ఆగారు. పదోది బకెట్టు వెనక రక్తంతో ముద్దయి దొరికింది. అప్పట్నుంచీ నిద్ర లేదు, ముమ్మిడివరం బస్సులో కూడా వేళ్లమీద లెక్కపెట్టుకుంటున్నాను.

డబ్ల్యూహెచ్‌ఓ 2008లో తెచ్చిన ఆపరేషన్ చెక్‌లిస్టులోనే ఈ లెక్క సరిచూడమని ఉంది కదా. అది చూపించి ఇంకో మనిషిని అడగొచ్చా? మేనేజ్‌మెంటుతో మీరెలా మాట్లాడారు? ఓటీ వదిలి వార్డుకి మారినవాళ్లుంటే, మనసు కుదుటపడిందా?